మూట్ కోర్టు నుంచి బిల్లు ముసాయిదా దాకా: లా విద్యార్థుల పోటీలపై అపోహలు – వాస్తవాలు

లాసెట్ రాసి జిల్లా కేంద్రంలోని కాలేజీలో చేరిన విద్యార్థికి మూట్ కోర్టు అనే మాట మొదటి ఏడాదిలోనే వినపడుతుంది. రెండో ఏడాదికి వచ్చేసరికి 'అది మనకు కాదులే' అన్న అభిప్రాయం కూడా స్థిరపడిపోతుంది. ఇంగ్లీషు ధారగా మాట్లాడేవాళ్లకు, నేషనల్ లా స్కూళ్లలో చదివేవాళ్లకు, ఇంట్లో తాత తండ్రులు వకీళ్లయినవాళ్లకు మాత్రమే అని పక్కన పెట్టేస్తారు. బిల్లు ముసాయిదా రాసే పోటీల పరిస్థితి మరీ ఘోరం. అలాంటివి ఉన్నాయనే చాలామందికి తెలియదు, తెలిసినవాళ్లు వాటిని వ్యాసరచన పోటీల జాబితాలో వేస్తారు. పిల్లల్ని ఈ రెండింటికీ దూరంగా ఉంచుతున్నవి ఎక్కువ భాగం అపోహలే. నన్నడిగితే ఇవి రెండూ ముందుగా చదివేవాళ్ల పోటీలు. ఒక్కో మాట దగ్గర ఆగి, అది అక్కడ ఎందుకుందో ఆలోచించే ఓపికే వీటికి కావలసిన పెట్టుబడి.

అపోహ: మూట్ కోర్టు అంటే సినిమాలో కోర్టు సీను.

సాక్షిని బోనెక్కించడం, గుచ్చి గుచ్చి అడిగి నిజం చెప్పించడం, ఆఖరి నిమిషంలో జేబులోంచి కాగితం తీయడం మూట్‌లో ఉండవు. అసలు సాక్షులే ఉండరు. సాక్షుల విచారణ కావాలంటే మాక్ ట్రయల్ అని వేరే పోటీలున్నాయి. మూట్ మామూలుగా అప్పీలు స్థాయిలో, అంటే హైకోర్టు, సుప్రీంకోర్టు లేదా అంతర్జాతీయ న్యాయస్థానం ముందు నడుస్తున్నట్టు ఊహించుకుని నడిపేది. ఏం జరిగిందన్నది నిర్వాహకులు ఇచ్చిన సమస్య పత్రంలో ముందే రాసి ఉంటుంది. దానికి ఒక వాక్యం కలిపే హక్కూ, ఒక వాక్యం మింగే హక్కూ ఎవరికీ లేదు. సందేహముంటే గడువులోగా వివరణ అడగవచ్చు, అంతే. ఇక మిగిలేది చట్టం: ఈ వాస్తవాలకు ఏ నిబంధన వర్తిస్తుంది, దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఇంతకు ముందు తీర్పులు ఏం చెప్పాయి.

ఈ పద్ధతి నిన్న మొన్న పుట్టింది కాదు. లండన్ ఇన్స్ ఆఫ్ కోర్ట్‌లో శతాబ్దాల కిందటే కాబోయే న్యాయవాదులకు ఇదే పాఠం. అంతర్జాతీయ చట్టం మీద జరిగే జెసప్ మూట్ 1960లో హార్వర్డ్‌లో మొదలైంది. ఇప్పుడు దానికి ప్రపంచం నలుమూలల నుంచీ జట్లు వస్తాయి. మన దేశం నుంచి బెంగళూరు నేషనల్ లా స్కూల్ 1999లో, మళ్లీ 2013లో ఆ కప్పు గెలిచింది.

అపోహ: ఇంగ్లీషు గడగడా రాకపోతే మూట్ వైపు చూడనక్కర్లేదు.

ఎక్కువ మందిని వెనక్కి లాగుతున్నది ఇదే, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి. ఇంగ్లీషు అవసరం లేదని చెబితే అది మోసం. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం సుప్రీంకోర్టు, హైకోర్టుల భాష సాధారణంగా ఇంగ్లీషే. జాతీయ స్థాయి మూట్‌లూ అందులోనే జరుగుతాయి. కానీ అవసరమైన ఇంగ్లీషుకూ, మనవాళ్లు భయపడే ఇంగ్లీషుకూ చాలా దూరం ఉంది. బెంచ్ మీద కూర్చున్నవారు మార్కులు వేసేది యాసకు కాదు. సమస్య పత్రం మీద పట్టు, చట్టం తెలిసిన తీరు, ప్రశ్నకు సూటిగా జవాబివ్వడం, వాదనను వరుసలో పెట్టడం, కోర్టు మర్యాద, ఇవీ వాళ్ల షీటులో ఉండే గళ్లు. చిన్న చిన్న వాక్యాల్లో, తొందర లేకుండా, అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పేవాళ్లు మంచి మార్కులు తెచ్చుకోగలరు. ధారాళంగా మాట్లాడేవాళ్లకు ఒక ప్రమాదం కూడా ఉంది: జవాబు తెలియనప్పుడు ఆ ధార వాళ్లను ఎక్కడికో తీసుకుపోతుంది.

పైగా మూట్‌లో సగం పని నోటితో జరిగేదే కాదు. మన దేశంలో ఎక్కువ పోటీల్లో జట్టంటే ముగ్గురు, ఇద్దరు స్పీకర్లు, ఒక రీసెర్చర్. వాదనకు వారాల ముందే రెండు పక్షాల తరఫునా రాతపూర్వక వాదన, అంటే మెమోరియల్, సమర్పించాలి. దానికి మార్కులు వేరు. జెసప్‌లో మౌఖిక వాదన వినే జడ్జీలకు ఆ జట్టు మెమోరియల్‌కు ఎన్ని మార్కులొచ్చాయో తెలియనివ్వరు. గొంతు పెగలనివాడు రీసెర్చర్‌గా చేరి, మరుసటి ఏడాది స్పీకర్ కావడం ఎప్పుడూ జరిగేదే.

ఇంకో మాట. మన జిల్లా కోర్టుల్లో దస్తావేజులు తెలుగువి, సాక్షులు మాట్లాడేది తెలుగు. తెలంగాణ హైకోర్టు 2023లో ఒక సివిల్ అప్పీలులో ఏకంగా తెలుగులోనే తీర్పు ఇచ్చింది. కాలేజీ లోపల పెట్టుకునే మూట్‌లలో ఏటా ఒకటైనా తెలుగులో నడపాలని నేను గట్టిగా కోరుకుంటాను. న్యాయాన్ని సొంత భాషలో ఆలోచించడం అలవాటైన విద్యార్థికి దాన్ని ఇంగ్లీషులో చెప్పడం రెండో మెట్టు అవుతుంది. ఇప్పుడు రెండు మెట్లూ ఒకేసారి ఎక్కమంటున్నాం.

అపోహ: మంచి పక్షం దొరికిన జట్టే గెలుస్తుంది.

కేసు ఎవరిదన్నది వేరు, వాదన ఎవరిదన్నది వేరు. మూట్‌లో మార్కులు రెండోదానికే. సమస్య రాసేవాళ్లు రెండు వైపులా బరువుండేలా చూస్తారు. జట్లు ఒక రౌండులో అప్పీలెంట్, ఇంకో రౌండులో రెస్పాండెంట్‌గా నిలబడక తప్పదు. జెసప్ ప్రాథమిక దశలో ఒక్కో జట్టు రెండుసార్లు అటు, రెండుసార్లు ఇటు వాదిస్తుంది.

రెండు వైపులా వాదించడం అంటే నమ్మకం లేకుండా మాట్లాడటం నేర్పడమేనని కొందరు పెద్దలు బాధపడుతుంటారు. వాళ్ల బాధ నిజాయితీగలదే, దానికి జవాబు మన రాజ్యాంగ చరిత్రలోనే దొరుకుతుంది. పార్లమెంటు రాజ్యాంగాన్ని ఎంతవరకు సవరించవచ్చన్న ప్రశ్న తేల్చిన కేశవానంద భారతి కేసును 13 మంది న్యాయమూర్తులు 68 రోజులు విన్నారు. పాల్కీవాలా ఒక వైపు, సీర్వాయి ఇంకో వైపు. 1973 ఏప్రిల్ 24న తీర్పు వెలువడితే న్యాయమూర్తులు 7–6గా చీలిపోయారు. అంత లోతైన ప్రశ్నలో అవతలివాళ్ల వాదనను దాని పూర్తి బలంతో అర్థం చేసుకోకుండా ఎవరూ తమ వాదనను నిర్మించుకోలేరు. అలాగే మనకు వ్యతిరేకంగా ఉన్న తీర్పును దాచడం కూడా మూట్‌లో ఒప్పుకోరు. దాన్ని బెంచ్ ముందు పెట్టి, మన కేసు దానికి ఎలా భిన్నమో చూపించాలి.

అపోహ: జడ్జి మధ్యలో ఆపి ప్రశ్నిస్తే పని అయిపోయినట్టే.

నిజానికి భయపడాల్సింది ప్రశ్నలే రాని బెంచ్‌కు. ప్రశ్న వచ్చిందంటే జడ్జి మనసు ఎక్కడ ఆగిందో తెలిసింది. 'ఆ విషయానికి తర్వాత వస్తాను' అనకుండా అప్పుడే జవాబిచ్చి, అక్కడి నుంచే తన వాదనలోకి తిరిగి రావాలి. తెలియకపోతే తెలియదని గౌరవంగా ఒప్పుకోవచ్చు.

అపోహ: ఎన్ని తీర్పులు ఉదహరిస్తే మెమోరియల్‌కు అంత బలం.

పేజీ కింద వరుసగా సైటేషన్లు పేర్చిన మెమోరియల్ చూడటానికి గంభీరంగా ఉంటుంది. కానీ బెంచ్ అడిగే మొదటి ప్రశ్న 'ఈ కేసు వాస్తవాలేమిటి?' అని. రెండోది 'ఇది ఇంకా అమల్లో ఉందా, కొట్టేశారా?' తీర్పు మొదట్లో ఉండే సారాంశం, అంటే హెడ్‌నోట్, మాత్రమే చదివినవాళ్లు అక్కడే పట్టుబడతారు. మొదటి నుంచి చివరి దాకా చదివిన ఆరు తీర్పులు చాలు.

2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ ఏవియాంకా అనే కేసులో న్యాయవాదులు దాఖలు చేసిన పత్రంలో అసలు లేని తీర్పులున్నట్టు తేలింది. వాటిని కల్పించింది చాట్‌జీపీటీ, సరిచూడకుండా సంతకం పెట్టింది వకీళ్లు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. అనుభవమున్న వకీళ్లకే ఇలా జరిగినప్పుడు, ప్రతి సైటేషన్‌నూ మూలంలో తెరిచి చూసే అలవాటు విద్యార్థి దశలోనే పడాలి.

అపోహ: మూట్ సరదా ఉన్నవాళ్లకే. మిగతావాళ్లకు డిగ్రీ చాలు.

బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 లీగల్ ఎడ్యుకేషన్ నియమాల్లో మూట్ తప్పనిసరి క్లినికల్ పేపర్లో భాగం. మూడు మూట్‌లు, ఒక్కోదానికి 10 మార్కులు. అందులో 5 రాతకు, 5 వాదనకు. దాంతోపాటు ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణను కోర్టుకెళ్లి గమనించి రాయాలి, ఇంటర్న్‌షిప్ డైరీ పెట్టాలి, చివర వైవా. కాగితం మీద ఇంత మంచి ఏర్పాటును రికార్డు పుస్తకాలు చూసి రాయడంగా దిగజార్చుకున్న కాలేజీలున్నాయి. సీనియర్ రికార్డు జూనియర్‌కు, జూనియర్‌ది ఆ తర్వాతివాడికి చేరుతుంది. కోర్టు హాలులో ఎటు నిలబడాలో తెలియకుండానే సనదు చేతికొస్తుంది. ఆ మూడు మూట్‌లు నిజంగా జరిపించమని అడిగే హక్కు ఫీజు కట్టిన ప్రతి విద్యార్థికీ ఉంది, అడగాలి.

అపోహ: బిల్లు డ్రాఫ్టింగ్ అంటే ఫార్మాట్ నింపడం.

బిల్లు ముసాయిదా పోటీలో ఒక సామాజిక సమస్య ఇస్తారు. దానికి చట్టం రాయాలి. దీర్ఘ శీర్షిక, సంక్షిప్త నామం, ఎక్కడెక్కడ, ఎప్పటి నుంచి అమలు, నిర్వచనాలు, అసలు నిబంధనలు, శిక్షలు, నియమాలు చేసే అధికారం, రద్దు–రక్షణ క్లాజు, ఉద్దేశాలు కారణాల ప్రకటన. ఈ వరుస చూసి ఫార్మాట్ తెలిస్తే చాలనుకుంటారు. ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో తెలిస్తే అలా అనుకోరు.

మాదకద్రవ్యాల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టంలోని 27-ఎ సెక్షన్ అక్రమ రవాణాకు డబ్బు సమకూర్చేవాళ్లను శిక్షిస్తుంది. శిక్ష 10 నుంచి 20 ఏళ్ల కఠిన కారాగారం. ఏది అక్రమ రవాణా అన్నది ఆ సెక్షన్‌లో ఉండదు. 2వ సెక్షన్‌లోని ఎనిమిది-ఎ క్లాజు చూడమంటుంది. 2014లో ఈ చట్టాన్ని సవరిస్తూ అత్యావశ్యక మత్తు మందులకు కొత్త నిర్వచనం చేర్చి, దానికి ఎనిమిది-ఎ స్థానం ఇచ్చారు. అక్రమ రవాణా నిర్వచనం ఎనిమిది-బికి జరిగింది. 27-ఎలో మాత్రం పాత అక్షరం అలాగే ఉండిపోయింది. దాంతో అంత పెద్ద శిక్ష ఉన్న సెక్షన్ నేరానికి సంబంధమే లేని క్లాజును చూపిస్తూ, అక్షరాలా చదివితే దేన్నీ శిక్షించలేని స్థితికి వచ్చింది. ఒక నిందితుడు ఈ లోపాన్ని ఎత్తి చూపాడు, 2021 జూన్‌లో త్రిపుర హైకోర్టు దాన్ని సవరించమని కేంద్రానికి చెప్పింది. ఆ సెప్టెంబరులో ఆర్డినెన్స్, డిసెంబరులో సవరణ చట్టం వచ్చాయి, 2014 మే 1 నుంచే వర్తించేలా. నేర నిబంధనను గతానికి వర్తింపజేయడం రాజ్యాంగం 20వ అధికరణానికి సరిపోతుందా అన్న ప్రశ్న వెంటనే లేచింది. ఏడేళ్ల పాటు ఎవరి కంటా పడని ఆ అక్షరం ఏ డ్రాఫ్టింగ్ తరగతిలోనైనా మొదటి పాఠం కావాలి: నిర్వచనం కదిలితే, దాని మీద ఆధారపడిన ప్రతి సెక్షన్‌నూ వెతికి చూడాలి.

అపోహ: ఇంకో దేశపు చట్టంలోంచి తెచ్చి అతికిస్తే సగం పని అయినట్టే.

ఐటీ చట్టంలోని 66-ఎ సెక్షన్ ఇంటర్నెట్‌లో తీవ్రంగా కించపరిచే, చికాకో ఇబ్బందో కలిగించే సందేశాలు పంపితే మూడేళ్ల జైలు అనేది. ఏది కించపరచడం, ఎవరికి చికాకు, అంటే నిర్వచనం లేదు. శ్రేయా సింఘాల్ అనే 21 ఏళ్ల యువతి 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ తీర్పు ఈ మాటల వంశవృక్షాన్ని కూడా చెప్పింది: మూలం 1935 నాటి బ్రిటిష్ పోస్టాఫీసు సవరణ చట్టం, అప్పటి టెలిఫోన్ కాల్స్ కోసం రాసుకున్నది. ఇద్దరి మధ్య ఫోన్ సంభాషణకు కుట్టిన మాటల్ని, భావప్రకటన స్వేచ్ఛ ప్రాథమిక హక్కుగా ఉన్న దేశంలో, లక్షల మంది చదివే రాతకు తొడిగారు.

అపోహ: శిక్ష ఎంత కఠినమైతే బిల్లు అంత గొప్పది.

విద్యార్థుల ముసాయిదాల్లో తరచూ కనిపించే బలహీనత ఇది. బిల్లు చదివేవారు ముందు అడిగేవి వేరు. ఈ విషయం ఏడో షెడ్యూలులో ఏ జాబితా కిందికి వస్తుంది? ఉమ్మడి జాబితా అయితే కేంద్ర చట్టంతో ఘర్షణ ఉందా? మహిళలపై నేరాల విషయంలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబరులో ఆమోదించిన దిశ బిల్లు ఏడు రోజుల్లో దర్యాప్తు, 14 పనిదినాల్లో విచారణ అంది. కేంద్ర నేర చట్టాలను తాకుతుంది కాబట్టి 254వ అధికరణం కింద రాష్ట్రపతి ఆమోదం అవసరమైంది, అది రాక బిల్లు చట్టం కాలేదు. బిల్లు అమలుకు ఎవరుండాలి, ఖర్చెంత అన్నది ఇంకో ప్రశ్న. సంచిత నిధి నుంచి ఖర్చు పెట్టించే బిల్లుకు ఆర్థిక మెమొరాండం జత చేయాలని లోక్‌సభ నియమాలే చెబుతున్నాయి. ఆ ఒక్క పేజీ రాయడానికి కూర్చుంటే, ప్రతి మండలానికీ ప్రత్యేక కోర్టు అని అలవోకగా రాసిన క్లాజు దగ్గర కలం ఆగుతుంది.

అపోహ: పోటీ అయ్యాక ఆ బిల్లు చిత్తుకాగితమే.

పోటీలో నేర్చుకున్న రాత బయటా పనికొస్తుంది. కేంద్ర ప్రభుత్వ బిల్లుల్ని మంత్రులో ఎంపీలో కూర్చుని రాయరు. న్యాయశాఖలోని శాసన విభాగంలో డ్రాఫ్ట్స్‌మెన్ రాస్తారు, రాష్ట్రాల్లో ఆ పని న్యాయశాఖలది. 1989లో ఏర్పడిన శాసన ముసాయిదా–పరిశోధన సంస్థ ఆ విభాగంలోనే ఉంది, లా విద్యార్థులను ఇంటర్న్‌లుగా తీసుకుంటుంది. ఇక ఎంపీ సొంతంగా పెట్టే ప్రైవేట్ మెంబర్ బిల్లులు స్వతంత్ర భారతంలో 14 మాత్రమే చట్టమయ్యాయి. చివరిది 1970లో, సుప్రీంకోర్టు క్రిమినల్ అప్పీళ్ల పరిధిని పెంచినది.

2014లో కేంద్రం తీసుకొచ్చిన ముందస్తు సంప్రదింపుల విధానం ప్రకారం, బిల్లు ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలి. ఈ విధానం అన్ని బిల్లుల విషయంలోనూ పాటించడం లేదు, పాటించినప్పుడు కూడా మన కాలేజీల నుంచి వెళ్లే అభిప్రాయాలు అరుదు. ఆ 30 రోజుల్లో ఒక తరగతి మొత్తం కూర్చుని, ఏ క్లాజులో ఏ నిర్వచనం తప్పిపోయిందో, ఏ సెక్షన్ ఏ పాత అంకెను చూపిస్తోందో గుర్తించి, క్లాజుల వారీగా రాసి సంబంధిత మంత్రిత్వశాఖకు పంపవచ్చు. దానికి జట్టు కట్టనక్కర్లేదు, ఎంట్రీ ఫీజు లేదు, ఏ లా కాలేజీ విద్యార్థి అయినా పంపవచ్చు.