రాసుకోని బాకీ

ఫ్లాటు కొనేటప్పుడు మన మధ్యతరగతి ఇళ్లలో లెక్కలకు లోటుండదు. చదరపు అడుగు ధర దగ్గర మొదలై రిజిస్ట్రేషన్, కారు పార్కింగు, కరెంటు, నీళ్ల కనెక్షన్లు, చెక్కపని, గృహప్రవేశం దాకా అన్నీ కాగితం మీదికెక్కుతాయి. బ్యాంకు వడ్డీ అర శాతం పెరిగితే నెల వాయిదా ఎంత పెరుగుతుందో నోటికి వచ్చేస్తుంది. మెయింటెనెన్స్ ఒక్కటే ఆ కాగితంలో చివరి వరుసలో చిన్న అంకెగా మిగులుతుంది. ఎక్కడ అది తక్కువైతే అది మంచి అపార్ట్‌మెంట్ అని, దాన్ని పెంచకుండా నడిపినవాడు సమర్థుడైన సెక్రటరీ అని మనలో గట్టి నమ్మకం. ఈ నమ్మకం తప్పని, దీనివల్ల వేలాది కుటుంబాల కష్టార్జితం కళ్లముందే కరిగిపోతోందని నా వాదన. ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా నెలసరి వసూలు ఆ నెల ఖర్చులకే సరిపోతుంటే, అక్కడివాళ్లంతా ఎవరూ రాసుకోని ఒక బాకీ మీద బతుకుతున్నట్టే.

ఫ్లాటు కొన్నామంటే అసలు ఏం కొన్నట్టు? గోడల మధ్య ఉన్న జాగా మాత్రమే పూర్తిగా మనది. పునాది, స్తంభాలు, స్లాబు, మెట్లు, లిఫ్టు, సంపు, పైన డాబా, కింద నేల అన్నీ ఉమ్మడి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం ఈ ఉమ్మడి యాజమాన్యాన్ని గుర్తించింది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ఇంకో అడుగు వేసి ఉమ్మడి భాగాలను బిల్డరు యజమానుల సంఘానికి రాసివ్వాలని, సంఘం ఏర్పాటులో ప్రతి కొనుగోలుదారూ పాలుపంచుకోవాలని, మెయింటెనెన్స్‌లో తన వాటా చెల్లించడం అతని బాధ్యతని చెప్పింది. పెంకుటింటి యజమాని పెంకు జారితే తానే నిచ్చెన వేసుకుని ఎక్కి సర్దుకునేవాడు. ఫ్లాటు యజమానికి ఆ వీలు లేదు. తన పైకప్పు పైవాడి గచ్చు, తన గచ్చు కిందివాడి పైకప్పు. కాబట్టి అతని ఆస్తి ఎన్నాళ్లు నిలుస్తుందన్నది అందరూ కలిసి తీసుకునే నిర్ణయాల మీద ఆధారపడి ఉంటుంది.

ఆ నిర్ణయాలు ఎలా ఉంటున్నాయో చూడటానికి 20 ఫ్లాట్లున్న ఓ మామూలు అయిదంతస్తుల భవనాన్ని తీసుకుందాం. ఇంటికి 2,000 చొప్పున నెలకు 40,000 వస్తాయి. వాచ్‌మన్ జీతం, లిఫ్టుకూ మోటారుకూ మెట్ల దీపాలకూ కరెంటు బిల్లు, లిఫ్టు కంపెనీకి ఏడాది ఒప్పందం సొమ్ము, జనరేటరుకు డీజిలు, చెత్త బండి, ట్యాంకు కడగడం, వేసవిలో నీళ్లు. నెలాఖరుకు మిగిలేది పెద్దగా ఉండదు. అందులోనూ వాచ్‌మన్ జీతం న్యాయంగా ఉండాల్సిన దానికంటే చాలా తక్కువ. సెల్లారులోనో మెట్ల కిందో ఒక్క గది ఇచ్చి, పగలూ రాత్రీ గేటు అతని మీదే వదిలి, అతని భార్య నాలుగిళ్లలో పని చేసుకుంటుంది కదా అని సరిపెట్టేస్తాం. తక్కువ మెయింటెనెన్స్ అని మనం సంతోషించే దాంట్లో కొంత ఆ కుటుంబం తన నిద్రలోంచి కడుతున్నది. ఆ సంగతి పక్కన పెట్టినా, రంగులు, డాబా మీద వాటర్‌ప్రూఫింగు, డ్రైనేజీ గొట్టాలు, లిఫ్టు తాళ్లు, చివరికి లిఫ్టే మార్చడం వంటి పెద్ద ఖర్చులకు ఈ 40,000లో ఒక్క రూపాయి చోటు కూడా లేదు. అవి ఏడాదికోసారి రావు కనుక లెక్కలోకి రావు, అంతే.

కాంక్రీటు మాత్రం మన లెక్క కోసం ఆగదు. డాబా మీద ఒక పగులు, బాత్రూము గొట్టం దగ్గర ఒక చెమ్మ మరక. తేమా గాలీ లోపలికి వెళ్లి ఇనుప చువ్వను తాకుతాయి. చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కనుక పైనున్న కాంక్రీటును లోపలి నుంచి తోస్తుంది. అలా పెచ్చులూడతాయి. పెచ్చు ఊడాక చువ్వ నేరుగా గాలికి తగిలి తుప్పు ఇంకా వేగమవుతుంది. విశాఖలాంటి సముద్రతీరాల్లో గాలిలోని ఉప్పు ఈ పనిని మరీ తొందర పెడుతుంది. ఇంజినీర్లు అయిదు రెట్ల సూత్రమని ఒకటి చెబుతారు. కట్టేటప్పుడు రూపాయితో అయ్యే జాగ్రత్త తీసుకోకపోతే, నష్టం మొదలయ్యే దశలో అయిదు రూపాయలవుతుంది. అప్పుడూ ఊరుకుంటే ముదిరాక పాతిక. అంకెలు ఏ భవనానికా భవనం మారినా సూత్రంలోని అసలు సంగతి మారదు. చెమ్మ మరకకు సున్నం పూసి దాచే సంఘం ఖర్చు తప్పించుకోలేదు, ఖర్చును ముదరనిచ్చింది.

నీళ్ల విషయంలో ఇది మరింత తేటగా కనిపిస్తుంది. హైదరాబాదులో 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం ప్రకారం మీటరు ఉండి, ఆధార్ అనుసంధానం చేసుకున్న అపార్ట్‌మెంట్‌లో ఒక్కో ఫ్లాటుకు నెలకు 20 కిలోలీటర్లు, అంటే 20,000 లీటర్లు. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్న ప్రమాణం పెట్టుకున్నా నలుగురున్న ఇంటికి నెలకు కావలసింది 16,200 లీటర్లే. కాగితం మీద సరిపోవలసిన నీళ్లు ఇవి. కానీ కుళాయి నీళ్లు రోజంతా రావు, వచ్చిన పూట పట్టి ఉంచేంత సంపు చాలా చోట్ల ఉండదు. అందుకే బోరు మీద పడతాం. ఈ నేల కింద ఉన్నది గట్టి గ్రానైటు. నీళ్లు నిలిచేది పైనున్న నలిగిన రాతి పొరలోనూ, కింద అక్కడక్కడా పగుళ్లలోనూ మాత్రమే. ఆ పొర ఎండిపోయాక ఇంకో మూడు వందల అడుగులు దించడం దాదాపు జూదమే. మరి అదే భవనం మీద పడే వాన సంగతి? 250 చదరపు మీటర్ల డాబా మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే 2 లక్షల లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 40. ఆవిరైపోయేది, పారిపోయేది తీసేసి సగమే ఇంకినా 20 ట్యాంకర్లు. ఇంకుడు గుంత తవ్వడం భవన అనుమతికే తప్పనిసరి కనుక గుంత చాలా చోట్ల ఉంటుంది. మృగశిర కార్తె రాకముందే దాని మట్టి తీసి, కంకర కడిగి మళ్లీ వేయించడానికి కావలసిన కొద్ది వేలే ఉండవు. మరుసటి ఏప్రిల్లో ఆ కొద్ది వేలు ట్యాంకర్ల బిల్లుగా తిరిగొస్తాయి.

ఈ చిక్కుకు మందు కొత్తది కాదు. మహారాష్ట్రలో సహకార గృహ సంఘాల నమూనా నియమావళి రెండు నిధులు పెట్టమంటుంది. ఫ్లాటు నిర్మాణ వ్యయంలో ఏడాదికి కనీసం 0.75 శాతం మరమ్మతుల నిధికి, కనీసం 0.25 శాతం సింకింగ్ ఫండ్‌కు. రెండోది భవనం వయసు మీరాక వచ్చే పెద్ద పనుల కోసం. 1,200 చదరపు అడుగుల ఫ్లాటుకు అడుగుకు 2,000 నిర్మాణ వ్యయం అనుకుంటే 24 లక్షలు. అందులో సింకింగ్ ఫండ్ వాటా ఏడాదికి 6,000, నెలకు 500. మరమ్మతుల వాటా నెలకు 1,500. పనివాళ్ల జీతాలూ కరెంటూ వీటికి అదనం. మన దగ్గర చిన్న అపార్ట్‌మెంట్లలో మొత్తం మెయింటెనెన్సే ఇంత ఉంటుందని గుర్తు చేసుకుంటే తేడా ఎంతో తెలుస్తుంది. సింగపూర్‌లో రోజువారీ నిర్వహణ నిధి, సింకింగ్ ఫండ్ వేర్వేరుగా ఉండాలని చట్టమే చెబుతుంది. జపాన్‌లో పన్నెండేళ్లకు అటూ ఇటూ పెద్ద మరమ్మతు ఒకటి చేయించడం ఆనవాయితీ, దానికోసం నెలనెలా పొదుపు విడిగా కడతారు. మన బిల్డర్లు రిజిస్ట్రేషన్ నాడు వసూలు చేసే కార్పస్ ఫండ్ ఒక్కసారి వచ్చే సొమ్ము. దాన్ని తర్వాత పెంచుకుంటూ పోయే అలవాటు పడలేదు. చిన్న భవనాల్లో అదీ మొదటి రెండు మూడేళ్లలోనే ఖర్చయిపోతుంది.

వాయిదా వేస్తే ఎందాకా పోతుందో అమెరికాలోని సర్ఫ్‌సైడ్ చూపించింది. ఫ్లోరిడా తీరాన 1981లో కట్టిన 12 అంతస్తుల చాంప్లెయిన్ టవర్స్ సౌత్ 2021 జూన్ 24 అర్ధరాత్రి దాటాక పాక్షికంగా కూలి 98 మంది చనిపోయారు. ఈత కొలను చుట్టూ ఉన్న స్లాబు వాటర్‌ప్రూఫింగ్ పాడై నిర్మాణం దెబ్బతింటోందని ఒక ఇంజినీరు 2018లోనే రాసిచ్చాడు. నిల్వ నిధి ఎప్పుడూ చాలినంత లేదు. ఎవరు ఎంత కట్టాలన్న తగవులోనే మూడేళ్లు గడిచిపోయాయి. 2021 ఏప్రిల్లో దాదాపు కోటిన్నర డాలర్ల పనికి వంతులు ఖరారయ్యాయి, ఆ స్లాబు మరమ్మతు మొదలవకముందే భవనం పడిపోయింది. డిజైన్‌లోనూ కట్టడంలోనూ మొదటి నుంచే లోపాలున్నాయని దర్యాప్తులో తేలింది కనుక నెపమంతా నిధి మీదే వేయడం సరికాదు. కానీ మొదటి నుంచీ లోపమున్న భవనానికే ముందస్తు పరీక్ష, చేతిలో డబ్బు ఎక్కువ అవసరం. ఫ్లోరిడా 2022లో చట్టం మార్చి పాత భవనాలకు తనిఖీ తప్పనిసరి చేసింది, నిర్మాణ మరమ్మతుల నిధి వద్దని యజమానులు ఓటేసి తప్పించుకునే వీలు తీసేసింది.

ఇప్పటికే బ్యాంకు వాయిదా, పిల్లల ఫీజులు నెట్టుకొస్తున్న కుటుంబాన్ని ఇంకో 500 కట్టమనడం న్యాయమా అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే కట్టాలా వద్దా అన్న ఎంపిక ఇక్కడ లేదు, ఎప్పుడు కట్టాలన్నదే ఉంది. మన 20 ఫ్లాట్ల భవనానికి పదిహేనేళ్లకు 20 లక్షల పని వచ్చిందనుకుందాం. ఇంటికి లక్ష. ముందు నుంచీ కట్టి ఉంటే 180 నెలలకు నెలకు దాదాపు 556 రూపాయలు, వడ్డీ కలుస్తుంది కనుక ఇంకా తక్కువే. ఒక్కసారిగా లక్ష అడిగితే నలిగేది ఎవరు? అప్పటికి ఉద్యోగ విరమణ చేసి పింఛను మీద ఉన్న పెద్దవాళ్లు, ఆ ఏడే కూతురి పెళ్లి చేసినవాళ్లు. వాళ్లు ఇవ్వలేకపోతే పని ఆగిపోతుంది. బీదవాడిని కాపాడేది చిన్న మొత్తం, ఎక్కువ కాలమే. బిల్డరు చేయాల్సిన పనికి మేమెందుకు కట్టాలన్న మాటకూ జవాబుంది. స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్లలోపు బయటపడిన నిర్మాణ లోపాన్ని బిల్డరు ఉచితంగా సరిచేయాలని రెరా చెబుతుంది. ఆ హక్కును ఆరో ఏడు దాకా ఆగకుండా వాడుకోవాలి. ఆరో ఏడు నుంచి బరువు మనదే.

కమిటీల మీద నమ్మకం లేకపోవడం అన్నిటికంటే బలమైన అభ్యంతరం. డబ్బు పోగైతే ఎవరో ఒకరి చేతిలో కరిగిపోతుందన్న భయం ఊరికే పుట్టలేదు. వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టిన చేతిరాత లెక్కలతో ఏళ్లకేళ్లు నడిచే సంఘాలు ఎన్నో. కానీ ఈ భయానికి పరిష్కారం ఖాళీ ఖాతా కాలేదు. సంఘాన్ని రిజిస్టరు చేయించి, మరమ్మతుల నిధికి వేరే ఖాతా తెరిచి, దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో పెట్టి, ఇద్దరి సంతకాలు లేనిదే, సర్వసభ్య సమావేశం తీర్మానం లేనిదే కదలకుండా చేయవచ్చు. ఏడాదికోసారి బయటి ఆడిటరుతో లెక్క చూపించవచ్చు. ఇవన్నీ కొద్ది వేల ఖర్చుతో అయ్యేవే. అయితే సమావేశానికి మనం కూడా వెళ్లాలి. పది మంది కూర్చుని నిర్ణయిస్తే మిగతా పది మంది తర్వాత అనుమానించడం చూస్తూనే ఉన్నాం.

అద్దెకున్నవాళ్ల మీద ఈ నిధి మోపడం మాత్రం తప్పే. లిఫ్టు వాడినందుకు, నీళ్లు వాడినందుకు వాళ్లు కట్టాలి. భవనం ఆయుష్షు పెరిగితే లాభం యజమానిది, కాబట్టి సింకింగ్ ఫండ్ యజమానే కట్టాలి. రశీదులో రెండిటినీ వేరువేరుగా చూపితే ఈ పేచీ తెగుతుంది. తాళం వేసి ఉన్న ఫ్లాటుకు ఎందుకు కట్టాలని విదేశాల్లో ఉన్న యజమానులు కొందరు అడుగుతుంటారు. వాళ్ల గది మీది డాబా కారడం ఆగదు, తాళమున్న ఇంటికి కాపలా ఇంకా ఎక్కువ కావాలి. అమెరికాలో వాళ్లుండే ఇంటికి సంఘం రుసుము ఎగ్గొడితే చాలా రాష్ట్రాల్లో ఆ బాకీ ఇంటి మీదే హక్కుగా నమోదవుతుంది. అక్కడ సమయానికి కట్టే క్రమశిక్షణను ఇక్కడి సొంతింటికీ చూపించమని అడగడంలో తప్పు లేదు.

పాతబడితే పడగొట్టి కొత్తది కట్టుకుందాం, అప్పటిదాకా ఎందుకు ఖర్చన్నది చివరి ఆశ. 500 గజాల స్థలంలో 10 ఫ్లాట్లుంటే ఒక్కొక్కరి వాటా 50 గజాలు. కొత్త బిల్డరు రావాలంటే పాత పది మందికీ ఇచ్చాక అతనికి అమ్ముకోవడానికి ఇంకొన్ని ఫ్లాట్లు మిగలాలి. భవనం ఎంత ఎత్తు లేవాలన్నది ముందున్న రోడ్డు వెడల్పును బట్టి ఉంటుంది కనుక, ఇరుకు వీధిలో ఇప్పటికే అయిదంతస్తులున్న చోట ఆ మిగులు ఉండదు. పైగా యజమానులంతా ఒక్క మాట మీదికి రావాలి. రంగు వేయించడానికి కుదరని ఒప్పుదల ఇల్లు కూలగొట్టడానికి కుదురుతుందని ఎలా అనుకోగలం? పదిహేనేళ్ల పాత ఫ్లాటు కొనబోయేవాళ్లు వాస్తు చూస్తారు, పార్కింగు చూస్తారు, బ్యాంకు అప్పిస్తుందా అని కనుక్కుంటారు. సంఘం ఖాతాలో ఎంతుంది, డాబాకు చివరిసారి వాటర్‌ప్రూఫింగ్ ఏ ఏడు చేయించారు, ఎన్ని ఫ్లాట్లు బాకీ ఉన్నాయి, గత మూడేళ్ల ఆడిట్ కాగితాలు ఉన్నాయా అన్న నాలుగు ప్రశ్నలు కూడా అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి. కొనేవాళ్లు అలా అడగడం మొదలుపెట్టిన రోజున, అమ్మబోయేవాళ్లే మెయింటెనెన్స్ పెంచమని సమావేశంలో చెయ్యెత్తుతారు.