బరువు తగ్గించే ఆపరేషన్‌కు ముందు

డాక్టరుగారితో మాట్లాడి బరువు తగ్గించే ఆపరేషన్‌కు సిద్ధమయ్యారా? ఇక సలహాలు మొదలవుతాయి. "నోరు కట్టుకుంటే సరిపోదా?" అని ఒకరు, "కోరి కోత ఎందుకు?" అని మరొకరు అంటారు. నొచ్చుకోకండి. అతి స్థూలకాయం ఒక జబ్బు, బద్ధకానికి గుర్తు కాదు. "డాక్టరుగారిని అడిగే నిర్ణయించుకున్నాను" అని చెప్పి ఊరుకోండి. అందరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు.

అయితే "ఈ ఒక్కరోజుకేం కాదు, తినండి" అనే మాటకు మాత్రం లొంగకండి. ఆపరేషన్‌కు ముందు సాధారణంగా సుమారు 2 వారాలు ఆహార నియమం పెడతారు. దానివల్ల కాలేయంలో కొవ్వు తగ్గి, అది చిన్నదవుతుంది. కాలేయం పెద్దదిగా ఉంటే దాని వెనుకనున్న జీర్ణాశయం సర్జనుకు సరిగా అందదు. పొగ మానండి. షుగరు మందులు, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. మీ అంతట మీరు ఆపకండి.

ఇంట్లోవారి భయం వేరు. దాన్ని కొట్టిపారేయకండి. వంట చేసేవారితో సహా వారిని ఒకసారి వెంట తీసుకురండి. ఆపరేషన్‌లోని ప్రమాదాలేమిటో వారినే అడగనివ్వండి. ఆ తర్వాత కొద్దికొద్దిగానే తినాలని, జీవితాంతం విటమిన్ మాత్రలు వాడాలని వారు స్వయంగా వింటే, రేపు మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టరు.