సీసం ఏ స్టాపులో దిగుతుంది?

రండర్రా పిల్లలూ, ఈవేళ నీళ్ల కబురు చెబుతాను.

మీ నాన్న టీడీఎస్ మీటరు నీళ్లలో ముంచి, అంకె తక్కువొచ్చిందని మురిసిపోతుంటాడు. కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో అది ఉజ్జాయింపుగా చెబుతుంది. అందులో సీసం ఉందా అని అడిగితే మాత్రం నోరు మెదపదు. తాగే నీళ్లలో సీసం లీటరుకు 10 మైక్రోగ్రాములు మించకూడదని భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన హద్దు. లెక్క కట్టండి చూద్దాం! 5000 లీటర్ల ట్యాంకర్లు 20 వరసగా నిలబెడితే, అన్నింట్లోనూ కలిపి ఒక్క గ్రాము.

అంత కొంచేన్ని పట్టుకోవాలంటే ముందు ఒకచోట పోగుచెయ్యాలి. అదే కిటుకు. నీళ్లలో కాస్త ఆమ్లం కలిపి, ఎలక్ట్రోడ్లు ముంచి, ఒకదానికి రుణ వోల్టేజి ఇస్తారు. నీళ్లను కలియతిప్పుతుంటే, ధనావేశమున్న లోహపు అయాన్లు దాని దగ్గరికి చేరి, ఎలక్ట్రాన్లు పుచ్చుకుని, లోహంగా మారి అంటుకుంటాయి. కొన్ని నిమిషాలు ఇలా సాగనిస్తారు.

తర్వాత వోల్టేజిని మెల్లగా ధనం వైపు జరుపుతారు. పల్లెవెలుగు బస్సులో ఎవరి ఊరొస్తే వాళ్లు దిగినట్టు, ఏ లోహానికి ఆ లోహం తన వోల్టేజి రాగానే నీళ్లలోకి దిగిపోతుంది. ముందు కాడ్మియం, తర్వాత సీసం, ఆ వెనక రాగి. దిగుతూ ఎలక్ట్రాన్లను వదులుతుంది కాబట్టి కరెంటు లేస్తుంది. ఎక్కడ లేచిందో చూస్తే లోహం పేరు తెలుస్తుంది, ఎంత లేచిందో చూస్తే దాని మోతాదు తెలుస్తుంది. దీని పేరు స్ట్రిప్పింగ్ వోల్టామెట్రీ.

దీనికి పునాది 1922లో ప్రాగ్ నగరంలో యారోస్లావ్ హెయ్‌రోవ్‌స్కీ పాదరసం బొట్లతో చేసిన ప్రయోగాలు. ఆయనకు 1959లో నోబెల్ వచ్చింది. పాదరసమూ విషమేగా! అందుకని 2000లో జోసెఫ్ వాంగ్ బృందం దాని బదులు బిస్మత్ పూత వాడి చూపించింది. ఇప్పుడు అచ్చువేసిన కార్బన్ పట్టీలూ, చేతిలో ఇమిడే పరికరాలూ ఉన్నాయి. నీళ్లున్న చోటికే పరీక్షను తీసుకెళ్లొచ్చు.

ఒక్క మాట గుర్తుంచుకోండర్రా. నీళ్లు మరిగిస్తే క్రిములు చస్తాయి గాని సీసం పోదు. నీరు ఆవిరైపోయిన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో పాత గొట్టాలుంటే, రాత్రంతా నిలిచిన నీళ్లు కాసేపు వదిలేశాకే తాగడానికి పట్టుకోండి. అనుమానముంటే ల్యాబుకు పంపి, సీసం పేరు చెప్పి మరీ పరీక్ష చేయించమని మీ నాన్నతో చెప్పండి.