పెరటి ఈతకొలను: టైల్సుకు ముందే నీటి పరీక్ష
సొంత పర్యవేక్షణలో పెరట్లో ఈతకొలను కట్టించుకునేవారు గోడల మందం, ఇనుప చువ్వల అమరికను ఇంజనీరుకే వదలాలి. కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి.

అసలు పరీక్ష టైల్సు అతికించకముందే జరగాలి. నీళ్లు నింపేముందే పిల్లలు దాటలేని కంచె, తాళం వేసే తలుపు ఏర్పరచాలి. కాంక్రీటు నీటిని పీల్చుకున్నాక కొలను మెట్టుపై నీళ్ల బకెట్టు ఉంచి, రెండింటి మట్టాలనూ గుర్తించండి. బకెట్టులో తగ్గేది ఆవిరి. కొలనులో అంతకు మించి తగ్గితే లీకేజీ ఉన్నట్లే. 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు గల కొలనులో మట్టం 1 సెంటీమీటరు పడితే 320 లీటర్లు పోయినట్లు.

ఈ పరీక్ష నెగ్గాకే చివరి వాయిదా అని మేస్త్రీతో ముందే రాసుకోండి. నెగ్గిన రోజే ఆ సొమ్ము చెల్లించండి. మాట ఇరుపక్షాలకూ సమానమే.