తాకుట వేరు, నొక్కుట వేరు

వేలితో చేయు పనులకు మన భాషలో మాటలు తక్కువ లేవు. తాకుట, తట్టుట, మీటుట, నొక్కుట, ఒత్తుట, అదుముట - ఒకదాని చోట మరియొకటి చెల్లదు. జ్వరము వచ్చిన బిడ్డ నుదుటిని తాకి చూతుము గాని అదిమి చూడము. తలుపు తట్టుదుము. పెద్దల కాళ్లు ఒత్తుదుము. వీణను మీటుదుము. ఎంత బలము, ఎంతసేపు, అవతలివైపు ఆనుకొనుటకు ఏమున్నది అను మూడు సంగతులను బట్టి ఈ మాటలు విడివడినవి. మన చేతులలోని స్మార్ట్‌ఫోను తెరకు మాత్రము వీనిలో మొదటిది ఒక్కటే తెలియును. వేలు తగిలినదా, ఎక్కడ తగిలినది, ఎంతసేపు ఉన్నది - ఇంతే దాని లెక్క. ఎంత గట్టిగా నొక్కినారన్నది ఆ లెక్కలోనికి రాదు.

ఈ సంగతి తెలియకపోవుటచేత మా యింట జరిగినదొకటి ముందు చెప్పెదము. మా అమ్మగారికి డెబ్బది యెనిమిదేండ్లు. అక్షరములు పెద్దవిగా కనబడునని ఆమెకొక పెద్ద తెర ఫోను కొని యిచ్చితిమి. దూరదేశమందున్న మనుమనితో మాటాడుటకు దానిలో ఒక బొమ్మ కలదు; దానిని తాకిన చాలును. వార్ధక్యముచేత ఆమె వేలికొనలు పొడిబారినవి. మొదటి తాకుడు ఫోనుకు అందలేదు. "ఏమిరా, దీనికి చెవుడా యేమి?" అని ఆమె పాతకాలపు కాలింగుబెల్లును నొక్కినట్లు మరింత గట్టిగా నొక్కిరి. మనుమడు పలుకుటకు బదులు ఏదో పట్టిక దిగినది. దానిని పోగొట్టవలెనని ఇంకొకచోట నొక్కిరి, మరల నొక్కిరి. ఆ పట్టికలో 'తొలగించు' అను మాట కూడ కలదని ఆమె గమనింపలేదు. నాలుగు దినములు మనుమని పిలుపు రాలేదు. "వాడికి నామీద మనసు విరిగిందేమోరా" అని ఆమె అన్నము సరిగా ముట్టలేదు. బొమ్మ మాయమైన సంగతి అయిదవనాడు గాని మాకు తెలియరాలేదు.

తప్పు ఆమెది కాదు. వినని వస్తువును గట్టిగా నొక్కుట మనుష్య స్వభావము. పాత రేడియో పెట్టె మీది మీట బిగిసినచో మనమందరము అదే చేసితిమి. అది దిగెను కూడ. ఫోను తెర అట్టిది కాదు. గాజు క్రింద కంటికి కనబడని విద్యుద్వాహకపు గీతలు నిలువుగను అడ్డముగను అల్లుకొని యుండును. మన దేహము ఉప్పునీటి కుండ వంటిది గనుక, వేలు దగ్గరకు రాగానే ఆ గీతల కూడలిలోని విద్యుదావేశము కొంత చలించును. ఏ కూడలిలో చలించినదో చూచి ఫోను వేలి చోటును కనిపెట్టును. దీనినే కెపాసిటివ్ తెర యందురు. ఇంగ్లండులో రాడార్ పరిశోధకుడైన ఇ. ఏ. జాన్సన్ 1965లో ఇట్టి తెరను గూర్చి వ్రాసెను. 2007లో ఐఫోను వచ్చిన తరువాత అది లోకమంతట వ్యాపించినది. దీనికి బలముతో పనిలేదు. పొడిబారిన వేలు ఆవేశమును చాలినంత చలింపజేయదు. అట్టి వేలిని గట్టిగా అదిమినచో చర్మము కొంచెము పరచుకొని తగులుడు హెచ్చును గాని, ఆ అదుముటలో వేలు తెరమీద ఆలస్యముగా నిలిచిపోవును. సుమారు అర సెకను దాటినదో, ఫోను దానిని వేరొక ఆజ్ఞగా గ్రహించును. మా అమ్మగారు బలము ప్రయోగించిరి; ఫోను కాలమును లెక్కించినది.

అంతకుముందు నొక్కినగాని పలుకని తెరలు లేకపోలేదు. వానిలో రెండు పొరల నడుమ సన్నని ఖాళీ యుండును. పైపొర వంగి క్రిందిపొరను తగులవలెను. 2008లో వచ్చిన నోకియా 5800 ఫోను అట్టిది. గోటితోనైనను పుల్లతోనైనను పనిచేసెడిది. కాని అదియును నొక్కినారా లేదా అన్నదే చూచును. ఎంత నొక్కినారో చూడదు.

బలమును కొలుచు తెర పెద్ద ఫోనులలోనికి 2015లో వచ్చినది. ఆ సంవత్సరము సెప్టెంబరులో హువావే సంస్థ మేట్ ఎస్ అను ఫోనును చూపుచు, దాని తెరమీద నారింజపండు నుంచి బరువు తూచి చూపినది. అదే మాసమున ఆపిల్ సంస్థ ఐఫోను 6ఎస్, 6ఎస్ ప్లస్‌లలో త్రీడీ టచ్ అను ఏర్పాటును తెచ్చినది. తెర వెనుక వెలుగునిచ్చు పొరలో చిన్న చిన్న గ్రాహకములను అమర్చి, వేలి ఒత్తిడికి పైగాజు వెంట్రుకవాసియైనను లేకుండ వంగినపుడు ఆ ఎడములోని మార్పును అవి కొలుచునట్లు చేసిరి. తేలికగా తాకిన ఉత్తరము తెరచుకొనును; కొంచెము నొక్కిన తొంగిచూచినట్లు కొంత కనబడును; ఇంకను నొక్కిన పూర్తిగా తెరచుకొనును. ప్రతి మెట్టున లోపలి చిన్న మోటారు వేలిని తట్టి, "విన్నాను" అని చెప్పును. గొప్ప నేర్పుగల పని. 6 ప్లస్ బరువు 172 గ్రాములు కాగా 6ఎస్ ప్లస్ 192 గ్రాములైనది. పెరిగిన బరువులో హెచ్చుభాగము ఈ తెరదే.

ఇంత నేర్పు గల ఏర్పాటు నాలుగేండ్లలో అంతరించినది. 2018లో ఐఫోను ఎక్స్‌ఆర్ దానిని విడిచినది. 2019లో వచ్చిన ఐఫోను 11 వరుసలో ఒక్కదానియందును అది లేదు. ఖర్చు, బరువు అను కారణములు ఎట్లున్నను, వాడువారి చేతిని బట్టి చూచిన మాకు తోచునది వేరు. అప్పడము ఒత్తవలెనన్న క్రింద పీట యుండవలెను. ఏ వస్తువును నొక్కవలెనన్నను, నొక్కిన బలమునకు సరియైన బలము వెనుకనుండి ఎదురు రావలెను. పెద్ద ఫోనును ఒంటిచేత పట్టుకొన్నప్పుడు ఆ పీట ఎక్కడ నున్నది? నొక్కు చేయియే, పట్టుకొన్న చేయియు.

చదువరులు ఈ సంగతిని తమ ఫోనుతోనే పరీక్షింపవచ్చును. మంచముమీద కూర్చుండి - జారిపడిన పగులకుండుటకు - ఫోనును కుడిచేత పట్టుకొని, బొటనవ్రేలిని ఎడమవైపు పైమూలకు చాపుడు. 6ఎస్ ప్లస్ ఎత్తు 158.2 మిల్లీమీటర్లు, వెడల్పు 77.9, నేటి పెద్ద ఫోనులును ఇంచుమించు అంతటివే. వ్రేలు అంతదూరము పోవలెనన్న అరచేయి వదులు కావలెను. ఫోను చిటికెనవ్రేలి మీదను, మిగిలిన వ్రేళ్ల కొనలమీదను నిలిచియుండును. చాచిన బొటనవ్రేలి కొసకు తాకుటకు తగిన శక్తి యుండును గాని నొక్కుటకు ఉండదు. పట్టుకు దూరముగా ఒక మూలను నొక్కుట యనగా, తుల ఆటబల్ల చివర కూర్చుండుట వంటిదే: ఆ మూల వెనుకకు ఒరగును, ఎదుటి మూల చేతినుండి లేచును. పట్టు మిక్కిలి వదులుగా నున్న క్షణముననే మిక్కిలి బలము కావలెనని తెర అడుగుచున్నది.

ఒంటిచేత పట్టువారు ఎందరని అనుమానింపవచ్చును. అమెరికాలో స్టీవెన్ హూబర్ అను రూపకల్పకుడు వీథులలోను, బస్సులలోను ఫోను వాడుచున్న 1,333 మందిని గమనించి 2013లో ఒక వ్యాసము ప్రకటించెను. వారిలో తెరను తాకుచు వాడినవారియందు నూటికి 49 మంది ఒంటిచేతితోను, 36 మంది ఒకచేత పట్టి రెండవచేతి సాయముతోను, 15 మంది రెండు చేతులతోను వాడుచుండిరి. ఆనాటి ఫోనులు నేటివానికన్న చిన్నవి. ఇప్పుడు లెక్కలు మారియుండవచ్చును. కాని సంచి చంకను వ్రేలాడగా, బస్సులో కడ్డీని పట్టుకొన్న మనకు రెండవ చేయి ఎక్కడినుండి వచ్చును?

2017లో వచ్చిన మరికొన్ని ఫోనులు ఈ వాదమునకు సాక్ష్యమిచ్చుచున్నవి. సామ్‌సంగ్ గెలాక్సీ ఎస్8 తెరలో బలమును గ్రహించు చోటు అడుగున మీట యుండవలసిన తావు ఒక్కటే. బొటనవ్రేలి మొదలు అక్కడనే యుండును. హెచ్‌టీసీ యు11, గూగుల్ పిక్సెల్ 2 ఫోనులు తెరను విడిచి, ప్రక్కలను పిడికిట పిసికిన పలుకునట్లు చేయబడినవి. పిసుకుటలో ఒకవైపు బలమునకు రెండవవైపు బలమే పీట. పట్టు సడలదు సరికదా, బిగియును. ఇది తెలివైన ఆలోచనయని మా అభిప్రాయము. అయినను అదియు పిక్సెల్ 4 తరువాత కనబడలేదు.

త్రీడీ టచ్‌కు ఇంకొక లోపమును కలదు. ఏ బొమ్మ నొక్కిన పలుకునో, ఏది పలుకదో తెరమీద గురుతు లేదు. ముంగిటి తెరమీద ఒక బొమ్మను నొక్కిన దాని పనుల పట్టిక వచ్చును. నొక్కక ఊరక వేలుంచిన బొమ్మలన్నియు వణకుచు, తొలగింతువా యని అడుగును. ఈ రెంటి నడుమ భేదము కొంత బలమే. వైణికుడు తంతిని మెట్టుమీద ఒత్తి ప్రక్కకు లాగినపుడు, ఆ లాగుట యెంతయో స్వరము ఆ క్షణముననే అతని చెవికి చెప్పును. తప్పినచో అక్కడనే దిద్దుకొనును. బలము కొద్దికొద్దిగా హెచ్చుచు, ఫలితమును దానితోపాటు హెచ్చుచుండవలెను. త్రీడీ టచ్ అట్టి బలమును తెచ్చి, హెచ్చుభాగము మీటవలె, ఇటో అటో అని, వాడినది.

ఒక్క పని మాత్రము అది అందముగా చేసెడిది. వ్రాయునప్పుడు అక్షరముల పలకను నొక్కిన అది నున్నని పలకయై, వ్రేలు ఎటు జరిపిన కర్సరు అటు జరిగెడిది. తెలుగు వ్రాయువారికి దీని విలువ తెలియును. ఒక ఒత్తు జారినచో కల్ల కలయగును. ఆ జారిన చోటికి కర్సరును చేర్పబోయిన వ్రేలే ఆ అక్షరమును కప్పివేయును. ఈ పని చక్కగా సాగుటకు కారణము వెదుకనక్కరలేదు: అక్షరముల పలక తెర అడుగుననే యుండును, వ్రాయునప్పుడు తరచుగా రెండు చేతులును ఫోనును పట్టియుండును. ఐఫోనులో ఇప్పుడు ఇదే పనిని, మాటల నడుమ ఎడము వేయు మీటపై వ్రేలు కొంతసేపు ఉంచి చేసికొనవచ్చును.

ఈ 'కొంతసేపు' అనునదే బలమునకు వారసుడైనది. నొక్కుడు పోయి నిలుపుడు వచ్చినది. చురుకైన వ్రేళ్లకు ఇది చాలును. మెల్లగా కదలు వ్రేళ్లకు, వణకు వ్రేళ్లకు, గట్టిగా నొక్కు అలవాటు గలవారికి ఇది కొత్త చిక్కు. మా యింట జరిగినదిదే. మందు ఫోనులోనే కలదు గాని అడుగున దాగియున్నది. సెట్టింగులలో యాక్సెసిబిలిటీ అను భాగమును తెరచినచో, ఆండ్రాయిడ్ ఫోనులలో తాకి పట్టియుంచు వ్యవధిని పొడిగించుకొనవచ్చును. ఐఫోనులో టచ్ అను శీర్షిక క్రింద హాప్టిక్ టచ్ వేగమును తగ్గించుకొనవచ్చును. తెర పైభాగమును వ్రేలికందునట్లు క్రిందికి దించు ఏర్పాటు కూడ రెంటియందును కలదు. కొన్ని ఫోనులలో ముంగిటి బొమ్మలు కదలకుండ తాళము వేయవచ్చును.

బలమును కొలుచు గ్రాహకము మాత్రము ఫోనును పూర్తిగా విడిచిపోలేదు. 2024లో వచ్చిన ఐఫోను 16లో అది తెరను వదలి అంచునకు చేరినది. ఫోటో తీయుటకు అక్కడ ఒక మీట. తేలికగా నొక్కిన ఒకటి, పూర్తిగా నొక్కిన ఒకటి. సగము నొక్కి దృశ్యమును స్ఫుటపరచి, పిదప పూర్తిగా నొక్కుట కెమెరాలు వాడినవారికి పాత విద్యయే.

మా అమ్మగారి ఫోనులో వ్యవధిని మిక్కిలి దీర్ఘముగా మార్చి, బొమ్మలకు తాళము వేసితిమి. దానిని చేత పట్టక బల్లమీద నుంచి చూపుడువ్రేలితో తాకవలెనని, వ్రేలిని ముందుగా తడిబట్టకు అద్దుకొనవలెనని చెప్పితిమి. బల్లమాట విన్నారు, తడిబట్టమాట విన్నారు. నొక్కుట మాత్రము మునుపటివలెనే గట్టిగా నొక్కుచున్నారు. ప్రతి ఆదివారము సాయంకాలము మనుమడు పలుకుచున్నాడు.