కొత్త లైనరు వేసినా ఇంజను లాగడం లేదా?

అవనిగడ్డ: కృష్ణా డెల్టా శివారు రైతుకు ఆయిల్ ఇంజను కొట్టంలో ఎద్దుతో సమానం. కాలువ నీరు చివరి దాకా రానప్పుడు మురుగు కాలువ నుంచి తోడుకోవడానికి అదే దిక్కు. వేలకు వేలు పోసి లైనరు, పిస్టను, రింగులు మార్పించి తెచ్చిన ఇంజను పొగ కక్కుతూ కూర్చుంటే ఆ బాధ పడినవారికే తెలుస్తుంది. అలాంటప్పుడు మరో షెడ్డుకు మోసుకుపోయి మళ్లీ మొత్తం విప్పించేవారే ఎక్కువ.

2023 సార్వాలో ఈ విలేకరి ఇంట్లోనూ అదే జరగబోయింది. ఆగస్టులో వానలు ముఖం చాటేశాయి. నాట్లు వేసి మూడు వారాలైన చేను బీటలు తీస్తోంది. అప్పుడే బాగుచేయించిన 5 హార్స్ పవర్ ఇంజను హ్యాండిలును నలుగురం మారి మారి తిప్పితే గాని అందుకోలేదు. అందుకున్నాక తెల్లటి పొగ, కళ్లు మండే పచ్చి డీజిల్ వాసన. పంపుకు బెల్టు వేయగానే నీరసించి ఆగిపోయేది. బాగుచేసిన మెకానిక్ "కొత్త రింగులు గదా, నాలుగు రోజులు తిరిగితే సర్దుకుంటుంది" అన్నాడు. రింగులు లైనరుకు అలవాటుపడే దాకా కాస్త ఆయిలు కాలి నీలి పొగ రావడం నిజమే. కానీ మాది నీలి పొగ కాదే!

చివరకు ఊళ్లో పాత ఇంజన్లు బాగుచేసే పెద్దాయనను బతిమాలి తీసుకొచ్చాం. స్పానరు పట్టకముందే ఆయన "అబ్బాయ్, రిపేరుకు ముందు ఎట్లా తిరిగింది? ఏమేం ఊడదీశారు?" అని అడిగారు. నల్ల పొగ వస్తే గాలి చాలలేదనో, డీజిల్ ఎక్కువైందనో అర్థమట. తెల్ల పొగలో డీజిల్ వాసన ఉంటే, డీజిల్ లోపలికి పోతున్నా వేళకు మండడం లేదన్నమాట.

ముందు డీజిల్ పైపు నట్టు వదులు చేసి బుడగలు పోయేదాకా గాలి తీశారు. లివరు వేయకుండా హ్యాండిలు తిప్పితే ఎదురు తన్నింది. కంప్రెషన్ బాగానే ఉంది కాబట్టి రింగులు, వాల్వుల మీద అనుమానం పోయింది. నాజిలు బయటకు తీసి కొట్టిస్తే మంచులా చిమ్మింది. (ఆ చిమ్ము ముందు చెయ్యి పెట్టకూడదు. చర్మంలోకి దూసుకుపోతుంది.)

ఇక మిగిలింది డీజిల్ పంపు. దాని అడుగున పలుచని రేకు షిమ్ములుంటాయి. అవి ఎక్కువైతే డీజిల్ ఆలస్యంగా పడుతుంది, తక్కువైతే ముందే పడి ఇంజను డంగుడంగుమని కొట్టుకుంటుంది. పెద్దాయన పైపు ఊడదీసి, ఫ్లైవీలు మెల్లగా తిప్పుతూ పంపు నోట డీజిల్ ఎప్పుడు కదులుతుందో చూశారు. చక్రం మీది గుర్తు దాటిపోయాక గాని కదలలేదు! పంపు ఎత్తి చూస్తే పాత షిమ్ముల మీద అట్టతో కోసిన ప్యాకింగు ఒకటి ఉంది. ఆయిలు కారకుండా ఎవరో వేసినట్టున్నారు. అది తీసేసి షిమ్ములు సరిచేస్తే రెండు తిప్పులకే ఇంజను అందుకుంది.

మొదట కొన్ని గంటలు తక్కువ లోడుతో తిప్పమని, చల్లారాక హెడ్డు నట్లు మరోసారి బిగించి, ఇంజనాయిలు త్వరగా మార్చమని చెప్పి ఆయన వెళ్లారు. షిమ్ములు ఎన్ని ఉన్నాయో విప్పిన రోజే లెక్కపెట్టి గుడ్డలో కట్టుకోవాలట. ఆ పని మేమూ చేయలేదు, మెకానిక్కూ చేయలేదు.

ఆ రాత్రి చేలో నీళ్లు పడ్డాయి. మెరకనున్న అరెకరం మాత్రం అప్పటికే ఎర్రబారింది.