పుట్టగొడుగుల గదిలో దొంగ గాలి: అగరుబత్తి, లెవెల్ పైపుతో లీకేజీ పట్టుకోండి

తేమ నిలబడట్లేదని చాలామంది పెద్ద కూలర్ కొంటారు, ఫాగర్లు పెంచుతారు. ముందు చూడాల్సింది సందులు. మా కొమురవెల్లిలో మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా నడుస్తుంది కదా, ఆ నడుమనే చలి పోయి పొడి గాలి మొదలవుతుంది. అప్పుడు ఆయిస్టర్ పుట్టగొడుగులకు 80 శాతం పైన తేమ నిలపడం మస్తు కష్టం.

ఇంకో సంగతి, మనం మందు కొట్టం. సియారిడ్ ఈగ లోపలికి దూరి బెడ్లలో గుడ్లు పెడితే, ఆ పురుగులు తెల్ల దారాలను తినేస్తాయి. కాబట్టి సందులు మూయడమే మనకు పురుగుమందు.

చిన్న సందే కదా అనుకోవద్దు. 90 సెంటీమీటర్ల తలుపు కింద ఒక్క సెంటీమీటర్ ఖాళీ ఉంటే 90 చదరపు సెంటీమీటర్లు. అంటే గోడకు అరచేయంత రంధ్రం పెట్టినట్టే.

పరీక్ష ఎట్లా చేయాలో వీడియోలో చూపించాను. బెడ్లు పెట్టకముందే చేయాలి. తలుపు, గాలి వచ్చే దారి మూసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. గదిలో పీడనం తగ్గి, బయటి గాలి ప్రతి సందులోంచి లోపలికి దూసుకొస్తుంది. వెలిగించిన అగరుబత్తిని గోడ వెంట మెల్లగా తిప్పితే, సందు ఉన్నచోట పొగ లోపలి వైపు చెదురుతుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టండి. రేకుల షెడ్డులో ఎక్కువ గుర్తులు ఒకేచోట పడతాయి: గోడ పైభాగం, రేకు అల కలిసేచోట.

ఎంత మెరుగైందో తెలియాలంటే మేస్త్రీలు వాడే లెవెల్ పైపు చాలు. కొంచెం నీళ్లు పోసి యూ ఆకారంలో గదిలో కట్టి, ఒక కొసను బయటికి తీయండి. పైపు బయటికి పోయిన సందును మూయాలి. ఫ్యాన్ వేస్తే గది వైపు నీళ్లు పైకి లేస్తాయి. ఇళ్లకు పరీక్ష చేసే ఇంజినీర్లు తలుపు చోట పెద్ద ఫ్యాన్ బిగించి 50 పాస్కల్‌ల తేడా దగ్గర కొలుస్తారు, అది నీళ్లలో సుమారు 5 మిల్లీమీటర్లు. మన ఫ్యాన్ అంత లాగకపోవచ్చు. ఫరవాలేదు, అదే ఫ్యాన్‌తో సందులు మూయకముందు, మూసినాక చూడండి. తేడా పెరిగితే లీకు తగ్గినట్టు. మిల్లీమీటర్లు సరిగ్గా కనబడకపోతే పైపు ఒక కాలును ఏటవాలుగా వంచండి, అదే తేడా పొడుగ్గా కనిపిస్తుంది.

రేకు అలల్లో ఫోమ్ స్ప్రే కొట్టాలి, తలుపుకు రబ్బరు బీడింగ్, కింద రబ్బరు పట్టీ. గోడ పగుళ్లకు బయటి వైపు పేడ–మట్టి పూత బాగుంటుంది. లోపల మాత్రం పేడ వద్దే వద్దు, ఆ తేమకు బూజు పడుతుంది. లోపల సున్నమే.

ఇక గాలి గొట్టం. ఫ్యాన్‌కు ముందు భాగం పీల్చేది, తర్వాతది ఊదేది. ఊదే వైపు కొస మూసి జాయింట్లకు సబ్బునీళ్లు పూస్తే, పంక్చర్ షాపులో లాగా బుడగలొస్తాయి. అక్కడ లీకైతే గాలి దండగ, అంతే. పీల్చే వైపు లీకు అసలు ప్రమాదం, సన్నని మెష్‌ను తప్పించుకొని ఈగ నేరుగా లోపలికొస్తుంది. అక్కడ అగరుబత్తితో చూడాలి. జాయింట్లకు గుడ్డ టేపు వాడొద్దు. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల 1998లో పరీక్షిస్తే, డక్ట్ టేపు అని అమ్మే ఆ గుడ్డ టేపే వేడికి ఊడిపోయింది! అల్యూమినియం ఫాయిల్ టేపు తీసుకోండి, అంటించేముందు దుమ్ము తుడవండి.

అన్నీ మూశాక ఫ్యాన్ బంద్ పెట్టొద్దు. పుట్టగొడుగులు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి, అది పేరుకుంటే కాడ సాగి గొడుగు చిన్నగా ఉండిపోతుంది. తాజా గాలి కావాల్సిందే, కానీ మెష్ ఉన్న దారిలోనే రావాలి. కాడలు సాగుతుంటే ఫ్యాన్ టైమర్ పెంచండి, తలుపు మాత్రం తెరిచి పెట్టకండి. రేకులు ఎండకు సాగి, రాత్రికి ముడుచుకుంటాయి, జాయింట్లు కదులుతాయి. కాబట్టి ప్రతి పంటకు ముందు అగరుబత్తి తిప్పాలి.